పిల్లల చదవడం, రాయడం పరీక్షల కార్డు చేతికొస్తే ఎలా చూడాలి, టీచర్‌ని ఏం అడగాలి

పోయిన ఏడాది పేరెంట్స్ మీటింగ్ రోజు ఒకమ్మ వాళ్ల పిల్లోడి కార్డు నా చేతిలో పెట్టి, "సార్, ఈ గళ్లూ గీతలూ నాకు తెలీవు. మా వాడు పాసా ఫెయిలా, అంత మాత్రం చెప్పండి సార్" అంది. నేను ఆదోని వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఆ కార్డు నింపిందీ నేనే. అయినా ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక నీళ్లు నమిలాను, ఎందుకంటే అందులో పాస్ లేదు, ఫెయిల్ లేదు. వాడు పేరా చదువుతాడు, కథ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు, సొంతంగా నాలుగు వాక్యాలు రాస్తాడు, ఐదోది రాయమంటే పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంటాడు. ఇదంతా ఆ గళ్లలోనే ఉంది, కానీ ఆమెకు కనపడేలా లేదు.

టీచర్లకైతే అన్నీ తెలుసనుకోకండి. మా పాప కర్నూల్లో ఒక ప్రైవేటు స్కూల్లో 4వ తరగతి. బయటి సంస్థ ఏదో ఇంగ్లీషు రీడింగ్ పరీక్ష పెట్టి రంగుల కాగితం పంపింది. దాంట్లో పెద్దక్షరాల్లో 38 అని కనపడగానే "వందకు 38 ఏంటే!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. పాప ఏడ్చింది, మా ఆవిడ నన్ను తిట్టింది. తీరిగ్గా చూస్తే అది మార్కు కాదు, పర్సెంటైల్, అంటే మిగతా పిల్లల్తో పోలిస్తే ఎక్కడుందో చెప్పే అంకె. నలభై ప్రశ్నల్లో పాప 26 కరెక్టుగా పెట్టింది, అంటే 65 శాతం. స్కూలు ఆఫీసులో మాత్రం "లెవెల్ తక్కువుంది, నాలుగు వేలు కట్టి సాయంత్రం క్లాసులో చేర్చండి" అన్నారు. ఆ నాలుగు వేలు కట్టలేదు గానీ, అప్పట్నుంచి ఎవరు కార్డు తెచ్చినా ఒకే వరసలో చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. "ఎన్ని వచ్చాయి" కంటే ముందు "దేంట్లో వచ్చాయి" అని అడగడం, నా పద్ధతంతా దాదాపు ఇదే.

మొదట: అసలు ఇది ఏ పరీక్ష?

కార్డు పైన పేరు చూడండి. మన దగ్గర పిల్లలు రాసే పరీక్షలు నాలుగైదు రకాలు, వాటిని కలిపేసుకుంటే అంతా గందరగోళమే.

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) అనేవి బడి పరీక్షలు. చెప్పిన పాఠం ఎంత వచ్చిందో చూస్తాయి. పాఠం బట్టీ పట్టిన పిల్లకు ఇందులో మంచి మార్కులే రావచ్చు, అదే పిల్ల ఎప్పుడూ చూడని పేరా ఇస్తే తడబడొచ్చు. కాబట్టి తెలుగులో మంచి గ్రేడ్ వచ్చింది కదా అని చదవడం వచ్చేసిందని లెక్కేసుకోవద్దు.

బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ అని రాసి ఉంటే అది వేరే సంగతి. పిల్లని ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం ముందు పెట్టి, గట్టిగా చదివించి, ఏ మెట్టు దగ్గర ఉందో రాస్తాం. దీంట్లో మార్కులుండవు, మెట్టు మాత్రమే. నన్నడిగితే తల్లిదండ్రులకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే, మీటింగుల్లో ఎవ్వరూ అడగనిదీ ఇదే.

ఇంక న్యూస్ పేపర్లలో వచ్చేవి. కేంద్రం తరఫున 2017లోనూ 2021 నవంబర్ 12నా నాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) జరిగింది, 2024 డిసెంబర్ 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరుతో జరిగింది. కొన్ని బడుల్ని, వాటిలో కొంతమంది పిల్లల్ని ఎంచుకుని పెడతారు. వచ్చేది జిల్లా కార్డు, రాష్ట్రం కార్డు. మీ అబ్బాయి అందులో కూర్చున్నా వాడి మార్కు మీకు రాదు, అది అందుకోసం పెట్టింది కూడా కాదు. "మన జిల్లా పడిపోయింది", "మన జిల్లా లేచింది" అని వాట్సాప్‌లో తిరిగే మాటల్ని కూడా కాస్త ఆగి చూడండి. 2021లో సర్వే జరిగినప్పుడు కర్నూలు, నంద్యాల ఒకే జిల్లా. అనంతపురంలోనే ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పైగా 2021లో 3, 5, 8, 10 తరగతులకు పెడితే, 2024లో 3, 6, 9 తరగతులకు పెట్టారు. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడమంటే పంచుకోకముందు పొలంలో వచ్చిన పంటనీ, పంచుకున్నాక ఒక అన్న వాటాలో వచ్చిన పంటనీ పోల్చడమే.

అసర్ కూడా ఇంతే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల్తో చదివిస్తోంది. 2024లో దేశం మొత్తం మీద 5వ తరగతి పల్లె పిల్లల్లో 2వ తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 48.8 శాతం. మీ పిల్ల ఆ సగంలో ఉందా ఈ సగంలో ఉందా అనేది ఆ అంకె చెప్పదు. కానీ వాళ్లు వాడే కాగితం మాత్రం బంగారం, దాని సంగతి కిందికి వస్తుంది.

ఆ తర్వాత: అంకె ఏం జాతిదో కనుక్కోండి

శాతమైతే తేలిక. ఎన్ని ప్రశ్నలకు ఎన్ని కరెక్టో అంతే.

పర్సెంటైల్ అంటే లైను. అదే పరీక్ష రాసిన పిల్లల్లో వంద మందిని మార్కుల వరసలో రేషన్ షాపు ముందు నిలబెట్టినట్టు నిలబెడితే, తక్కువ వచ్చినవాళ్లు మీ పాప వెనక ఎంతమంది ఉన్నారో ఆ అంకె చెప్తుంది. 38 అంటే 38 మంది వెనకున్నారు. మీ పాప ఎంత చదవగలదో ఆ అంకె చెప్పదు, పక్కనున్నవాళ్లని బట్టి ఎక్కడ నిలబడిందో చెప్తుంది. వెంటనే అడగాల్సింది ఒకటుంది: లైన్లో ఉన్న ఆ మిగతా పిల్లలు ఎవరు? దేశంలోని పెద్ద పెద్ద ఇంగ్లీషు మీడియం స్కూళ్ల పిల్లలా, మన స్కూల్లో సెక్షన్ వాళ్లా? ఇంట్లో తెలుగో ఉర్దూనో మాట్లాడుకునే పిల్లని, ఇంట్లోనే ఇంగ్లీషు మాట్లాడే పిల్లల లైన్లో నిలబెట్టి 38 అంటే నేనైతే కంగారు పడను.

25 నుంచి 75 మధ్య సగం మంది పిల్లలుంటారు. లైను మధ్యలో జనం ఒత్తుగా ఉంటారు కాబట్టి అక్కడ రెండు ప్రశ్నలు అటూ ఇటూ అయితే పర్సెంటైల్ పది పన్నెండు అంకెలు దూకేస్తుంది. పోయినసారి 50, ఈసారి 38 అని ఏడిపించేముందు ఎన్ని ప్రశ్నల తేడానో అడగండి. చాలాసార్లు రెండో మూడో. ఆ రోజు పిల్లకి జలుబు చేసి ఉన్నా చాలు. కొన్ని సంస్థలు అంకె పక్కన "ఇంత నుంచి ఇంత వరకు" అని ఒక పట్టీ గీస్తాయి. చూడాల్సింది ఆ పట్టీనే, అంకెని కాదు.

"రీడింగ్ లెవెల్ 2.6" లాంటివి రాసి ఉంటే, 2వ తరగతి ఆరో నెలలో ఉన్న మామూలు పిల్లాడు ఈ పేపర్ రాస్తే ఎన్ని వస్తాయో మీ పిల్లకీ అన్నొచ్చాయని. అంతేగానీ మీ 4వ తరగతి పాపని 2వ తరగతిలో కూర్చోబెట్టమని కాదు.

చదవడం మెట్లు

అక్షరం, మాట, పేరా, కథ. మెట్లు ఇవే. అక్షరాలు కూడా రాకపోతే ప్రారంభ స్థాయి అని రాస్తాం. పేరా అంటే 1వ తరగతి స్థాయిలో నాలుగు చిన్న వాక్యాలు, కథ అంటే 2వ తరగతి స్థాయిలో కొంచెం పొడుగు వచనం.

ఇక్కడ చానామంది బోల్తా పడే చోటొకటి ఉంది. 5వ తరగతి పిల్లోడి కార్డులో "కథ" అని ఉంటే అమ్మానాన్నలు పై మెట్టు ఎక్కేశాడని సంబరపడతారు. ఆ కథ 2వ తరగతిది. దాన్ని దాటి 5వ తరగతి సైన్సు పాఠం చదివి అర్థం చేసుకుంటాడా అనేది ఆ కాగితం కొలవలేదు. అదే 2వ తరగతి పాప "కథ" దగ్గరుంటే నిజంగానే పండగ చేసుకోండి.

కొన్ని కార్డుల్లో "నిమిషానికి ఇన్ని పదాలు" అని కూడా ఉంటుంది. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో 2వ తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, 3వ తరగతి చివరికి కనీసం 60 పదాలు, అదీ అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. ఈ అంకె పట్టుకుని స్టాప్‌వాచ్‌తో పిల్లల మీద పడిపోయిన తల్లిదండ్రుల్ని చూశాను. మన భాష సంగతి కూడా చూడాలి కదా. "చదువుకోవాలనుకుంటున్నాను" అనేది తెలుగులో ఒక్క మాట, అదే ఇంగ్లీషులో నాలుగైదు మాటలవుతాయి. తెలుగులో 60 మాటలు చదవడం, ఇంగ్లీషులో 60 మాటలు చదవడం ఒకే కష్టం కాదు. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ 3వ తరగతి పిల్లల మీద 20 భాషల్లో చేసిన అధ్యయనంలో అందుకే ఒక్కో భాషకు ఒక్కో ప్రమాణం పెట్టుకుంది. కాబట్టి ఆ అంకెని చేరాల్సిన ఊరు అనుకోండి, కొట్టడానికి కర్ర అనుకోవద్దు.

ఇంట్లో పది నిమిషాలు

కార్డు మీద నమ్మకం కుదరాలన్నా, కార్డు తప్పని తేల్చాలన్నా, మీరే ఒకసారి కూర్చుని వినాలి. అసర్ చదివించే కాగితాలు తెలుగులో కూడా ఉన్నాయి, వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. అది కుదరకపోతే ఒక తరగతి కింది తెలుగు పుస్తకంలో పిల్ల ఎప్పుడూ చదవని పేజీ తీసుకోండి. ఈ "ఎప్పుడూ చదవని" అనేది ముఖ్యం. తెలిసిన పాఠమైతే కళ్లు మూసుకుని అప్పజెప్పేస్తారు. అలా అప్పజెప్పే పిల్లోణ్ణి ఒకణ్ణి నేను పుస్తకం తిరగేసి పట్టుకుంటే గానీ కనిపెట్టలేకపోయాను.

నేను వాడే చిన్న పేరా ఇది, కావాలంటే రాసుకోండి:

మా ఊరి చెరువు ఈసారి నిండింది. నాన్న వల తీసుకొని పోయాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. సాయంత్రానికి ఒక్క చేప కూడా పడలేదు. అయినా నాన్న నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

మొత్తం 22 మాటలు. టీవీ కట్టేయండి, చుట్టాలెవరూ లేనప్పుడు చూసుకోండి, పిల్ల పక్కన కూర్చోండి, ఎదురుగా కాదు. "ఇది పరీక్ష కాదు, నాకు చదివి వినిపించు" అనండి. ఫోన్లో రికార్డ్ పెట్టేసి పక్కన పడేయండి. చదివేటప్పుడు మధ్యలో సరిదిద్దొద్దు. ఇదే అన్నిటికంటే కష్టం, నాలుక దురద పెడుతుంది. ఒక మాట దగ్గర ఐదారు సెకన్లు ఆగిపోతే అప్పుడు చెప్పి ముందుకు పోనివ్వండి.

తర్వాత రికార్డింగ్ విని లెక్కేసుకోండి. తప్పులు తీసేసి, మిగిలిన మాటల్ని 60తో గుణించి, పట్టిన సెకన్లతో భాగించాలి. మా బడిలో 3వ తరగతి పిల్లోడు, మొదట్లో చెప్పిన ఆ అమ్మ కొడుకే, 40 సెకన్లు తీసుకుని రెండు తప్పులు చదివాడు. 20 ఇంటూ 60 బై 40, నిమిషానికి 30 మాటలు. మా పాప 18 సెకన్లలో గడగడా చదివేసింది, తప్పు లేదు, నిమిషానికి 73. అంకెలు చూస్తే మా పాప ఎక్కడో ఉంది, వాడు ఎక్కడో ఉన్నాడు.

ఇప్పుడు పుస్తకం మూసి మూడు ప్రశ్నలు. ఒకటి పేరాలో ఉన్నదే: నాన్న ఏం తీసుకుని పోయాడు? ఇద్దరూ చెప్పారు. రెండోది పేరాలో లేనిది: చేప పడలేదు కదా, మరి నాన్న ఎందుకు నవ్వుకుంటూ వచ్చాడు? మా పాప పైకీ కిందకీ చూసి "అది ఇయ్యలేదు కదా నాన్నా" అంది. ఆ పిల్లోడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చెరువు నిండింది కదా సార్, ఇంక సేద్యం చేసుకోవచ్చు" అన్నాడు. మూడోది, నువ్వైతే ఏం చేసేవాడివి అని, అభిప్రాయం. దీనికి తప్పు జవాబు లేదు, ఎంతసేపు మాట్లాడతారో చూడటానికే.

ఒకళ్లకి మాటలు విడదీసి చదవడం రావాలి, అర్థం వచ్చేసింది. ఇంకొకళ్లకి నోరు పరిగెడుతోంది, మనసు వెనకబడింది. ఇద్దరికీ మందు ఒకటి కాదు. మా పాపకి సాయంత్రం క్లాసులో ఇంకో నలభై పేజీలు చదివించినా ఒరిగేది లేదు, చదివిన దాని గురించి కబుర్లు చెప్పుకోవాలి. వాడికి కబుర్లు అవసరం లేదు, రోజూ పది నిమిషాలు చదవడమే కావాలి. కార్డు మీద "రీడింగ్" అని ఒకే గడి ఉంటే ఈ తేడా అందులో కలిసిపోతుంది. అందుకే టీచర్‌ని అడగండి: ధారాళంగా చదవడంలో ఎంత, అవగాహనలో ఎంత, విడివిడిగా చెప్పండి అని.

ఇంగ్లీషు మీడియం పిల్లలైతే రెండు భాషల్లోనూ విడిగా చెయ్యండి. గవర్నమెంట్ బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ అదే తెలుగులో ఉంటుంది కాబట్టి తేలికే. తెలుగులో చదివి అర్థం చెప్పి, ఇంగ్లీషులో ఆగిపోతే సమస్య చదవడంలో లేదు, ఆ భాష ఇంకా చెవిన పడలేదు. రెండింట్లోనూ ఆగిపోతేనే చదవడం గురించి ఆలోచించాలి. కన్నడం మాట్లాడే మడకశిర, రాయదుర్గం వైపు ఇళ్లలో, కడపలో ఉర్దూ ఇళ్లలో, తండాల్లో పిల్లలకు తెలుగే రెండో భాష అన్నది కూడా లెక్కలోకి రావాలి. కార్డు దాన్ని లెక్కలోకి తీసుకోదు, మీరే టీచర్‌కి చెప్పాలి.

రాత కాగితం చూడటం

రాతలో వచ్చిన మార్కు చూసి ఏమీ తెలీదు. కాగితమే చూడాలి. పేరెంట్స్ మీటింగ్‌లో "ఆన్సర్ పేపర్ చూపించండి" అని అడిగితే ఏ టీచరూ కాదనడు, అడిగేవాళ్లు తక్కువ కాబట్టి బయటికి తియ్యరు, అంతే.

ముందు ఆ రాత ఏ రకమో చూడండి. చూచిరాతా, డిక్టేషనా, సొంతంగా రాసిందా? ముత్యాల్లాంటి అక్షరాలతో చూచిరాత రాసే పిల్లలు చానామంది డిక్టేషన్‌లో సగం మాటలు వదిలేస్తారు. చూచిరాత బొమ్మ వేయడం లాంటిది. డిక్టేషన్‌లో చెవి నుంచి చేతికి దారి పడిందో లేదో తెలుస్తుంది. సొంతరాతలో బుర్రలోని మాట కాగితం మీదికి వస్తుందో లేదో తెలుస్తుంది. ఒకదాని మార్కుతో ఇంకోదాన్ని అంచనా వేయొద్దు.

"మా ఇంట్లోవాళ్లు" అని రాయమంటే అదే పిల్లోడు రాసింది ఉన్నదున్నట్టు (జేజి అంటే మా వైపు అవ్వ):

"మా జేజి పొదున్నే లేస్తాది. సంగటి కెలుకుతాది. నాకు చనా ఇష్టం. మా జేజి గుంటూరు పోయింది మిరపకాయలకి."

దీనికి పదికి నాలుగేశారు. వేసింది నేనే, తర్వాత మళ్లీ చూసి సిగ్గుపడ్డాను. ఎర్ర పెన్ను గీతలు నాలుగున్నాయి, నిజంగా తప్పులు రెండే. "పొదున్నే"లో ద ఒత్తు పోయింది, "చనా"లో దీర్ఘం పోయింది. "లేస్తాది", "కెలుకుతాది" అనేవి వాళ్ల ఇంట్లో మాట, మా ఇంట్లోనూ అదే. పుస్తకం భాష "లేస్తుంది" అని నేర్పాలి, కాదనను, కానీ 3వ తరగతిలో దాన్ని అక్షరదోషం ఖాతాలో వేయకూడదు. ఇంక ఆ చివరి వాక్యం చూడండి. సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోయిన జేజి గురించి ఎవరూ అడక్కుండా వాడంతట వాడు రాసుకున్నది. విషయానికి మార్కులుంటే అక్కడ వేయాలి.

కాబట్టి తప్పుల్ని లెక్కపెట్టకండి, రకాలుగా విడదీయండి. దీర్ఘాలు వదిలేయడం, ఒత్తులు వదిలేయడం అసలు పట్టించుకోవాల్సినవి, ఎందుకంటే అర్థమే మారిపోతుంది. కాలం కలం అవుతుంది, మొక్క మొక అవుతుంది. ఇవి పదే పదే వస్తుంటే వాడికి గుణింతం, ఒత్తులు చెవికి సరిగ్గా అందలేదని. ణ బదులు న, ళ బదులు ల, భ బదులు బ, శ ష స కలిపేయడం మాత్రం పెద్దవాళ్లు కూడా చేసేవే, మెల్లగా చదువుతూ ఉంటే సర్దుకుంటాయి, వాటి కోసం పిల్లల్ని నిలబెట్టొద్దు. మాటలే మింగేసి వాక్యం సగంలో వదిలేస్తే అది రాత తప్పు కాదు, చెయ్యి మెల్లగా పోతోంది, ఆలోచన ముందు పరిగెత్తింది. అలాంటి పిల్లని ముందు నోటితో చెప్పించి, తర్వాత రాయించండి.

టీచర్‌తో మాట్లాడేటప్పుడు

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, కడప మున్సిపల్ హైస్కూల్‌కి ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ వచ్చారు, గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజు టీచర్ చుట్టూ యాభై మంది ఉంటారు, మీకు దక్కేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు "మావాడు ఎట్లా చదువుతున్నాడు సార్" అని అడిగితే "బాగానే చదువుతున్నాడు, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అనే జవాబే వస్తుంది. నేనూ అదే చెప్తాను, మొహమాటం లేకుండా ఒప్పుకుంటున్నాను. అదే "జూన్‌లో ఏ మెట్టు మీదున్నాడు, ఇప్పుడు ఏ మెట్టు మీదున్నాడు" అని అడిగితే నేను రిజిస్టర్ తెరవక తప్పదు. "ఎక్కువ తప్పులు దేంట్లో, ఒత్తుల్లోనా గుణింతాల్లోనా" అంటే కాగితం తీయక తప్పదు. చివరగా, "ఇంట్లో రోజూ పది నిమిషాలు దొరుకుతాయి, ఒక్క పని చెప్పండి, ఏది చెయ్యమంటారు" అనండి. పది పనులు చెప్పించుకుంటే ఒక్కటీ జరగదు.

పోల్చాల్సింది మీ పిల్లని మీ పిల్లతోనే. అదీ ఒకే రకం పరీక్షతో. జూన్‌లో బేస్‌లైన్ మెట్టుని ఏడాది చివర ఎస్‌ఏ మార్కుతో పోల్చకూడదు. కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి మిరపకాయల పనికి నాలుగైదు నెలలు అమ్మానాన్నలతో పోయొచ్చిన పిల్లలకి ఒక మెట్టు దిగడం మామూలే. దిగింది మళ్లీ ఎక్కడం మొదటిసారి ఎక్కినంత కష్టం కాదు, నేను చూసినంతలో నెలా రెండు నెలల్లో అందుకుంటారు. వెళ్లేముందు, వచ్చాక టీచర్‌కి ఒక మాట చెప్తే ఆ కార్డుని ఆయన కూడా సరిగ్గా చదువుతాడు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

ముందు కళ్లు. పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకున్నా, బోర్డు మీది లైన్లు తప్పించి రాసుకున్నా, చదవడం రాదని తేల్చేముందు కళ్ల పరీక్ష చేయించండి. కళ్లద్దాలు పెట్టగానే రెండు మెట్లు ఎక్కిన పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. చెవిలో చీము కారే పిల్లలకి డిక్టేషన్ తప్పు పోతుంది, అదీ చూపించండి.

అన్నీ సరిగ్గా ఉండి, రోజూ బడికొచ్చి, నోటితో గలగలా మాట్లాడే పిల్ల ఎనిమిదేళ్లు దాటినా, 3వ తరగతిలో కూడా అక్షరాలు గుర్తుపట్టలేకపోతుంటే, ఇవాళ చదివిన మాటే రేపు కొత్తగా కనిపిస్తుంటే అప్పుడు అడగాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో నేర్చుకోవడంలో వచ్చే ఈ ప్రత్యేక ఇబ్బంది కూడా ఉంది, అంటే తేల్చి సర్టిఫికెట్ ఇస్తే పరీక్షల్లో వెసులుబాట్లు అడిగే హక్కుంటుంది. దారి ఏంటంటే, బడి ద్వారా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్‌ని కలవండి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే ఆరోగ్య బృందానికి చెప్పండి, వాళ్లు జిల్లా పెద్దాసుపత్రికి రాసిస్తారు. ఒక్క పరీక్ష కార్డు చూసి మీరూ ఆ పేరు పెట్టొద్దు, ట్యూషన్ వాళ్లని కూడా పెట్టనివ్వొద్దు.

మరి చదువు రాని అమ్మానాన్నలు?

ఇదంతా చదువుకున్నవాళ్లకే గానీ మాకెట్లా సార్ అని ఆ అమ్మే అడిగింది. ఆమె వేలిముద్ర వేస్తుంది. నేను ఆమెకి చెప్పింది ఒక్కటే. రాత్రి అన్నాలయ్యాక వాడు ఒక పేజీ గట్టిగా చదవాలి, నువ్వు ఫోన్లో రికార్డ్ పెట్టు, తర్వాత పుస్తకం మూసేసి కథ నీకు మళ్లీ చెప్పమను. నీకు కథ అర్థమైతే వాడికీ అర్థమైనట్టే. నెలకోసారి పాత రికార్డింగూ కొత్త రికార్డింగూ పక్కపక్కన విను.

మూడు వారాలకి ఆమె దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక వాయిస్ వచ్చింది. వెనక మేకల అరుపులు, వాడి గొంతు, నక్క ద్రాక్షతోట కథ. ఆగుతూ ఆగుతూ పోతున్నాడు. "ద్రా" దగ్గర ఆగాడు, రెండోసారి అదే మాట వచ్చినప్పుడూ ఆగాడు, తర్వాత "ప్రయత్నం" దగ్గర. రికార్డింగ్ చివర్లో ఆమె గొంతు: "సార్, మూడుసార్లు ఒకే తీరుగా ఆగినాడు, ఆ మాటల్లో ఏదో ఒకటే అడ్డం తగులుతాంది, ఏమది సార్?"

క్రావడి, అదే ర ఒత్తు. మర్నాడు వాడికి పలక మీద అదే రాయించాను.